ప్రమాదకర విదేశీ జంతువులకు నమోదుతో పాటు లైసెన్సూ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

విదేశీ వన్యప్రాణులను పెంచుకునేవారు తమ వద్ద ఉన్న జీవుల వివరాలను పర్యావరణ శాఖ వెబ్‌సైటైన పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలంటూ కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో నిబంధనలు జారీ చేసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణకు కొనసాగింపుగా వచ్చిన ఈ నిబంధనలు ఎంతో అవసరమైనవి. తమ వద్ద ఉన్న విదేశీ జీవుల వివరాలను తామే ముందుకొచ్చి చెప్పాలంటూ 2020లో ప్రకటించిన స్వచ్ఛంద వెల్లడి పథకానికే దేశవ్యాప్తంగా 32 వేలమందికి పైగా స్పందించారంటే, ఈ పెంపకం ఎంతగా విస్తరించిందో తెలుస్తుంది. అయితే పశువైద్యుడిగా చాలాకాలం పనిచేసిన నాకు ఈ ఏర్పాటులో ఒక పెద్ద లోటు కనబడుతోంది.

నమోదు తప్పనిసరి అయిన జంతువులన్నీ చట్టంలోని నాలుగో షెడ్యూలులో ఉన్నాయి. ఆ షెడ్యూలుకు ఆధారం సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం. వ్యాపారం కారణంగా ఏ జాతీ అంతరించిపోకుండా చూడటం దాని ఉద్దేశం కనుక, జంతువు వల్ల మనుషులకు ఎంత ముప్పు అన్న లెక్క అందులోకి రాదు. అందువల్లనే విషం లేని బాల్ పైథాన్ అనే కొండచిలువను పెంచేవారు వివరాలు నమోదు చేయవలసి వస్తుండగా, కాటు వేస్తే గంటల్లో ప్రాణం తీయగల ఆఫ్రికా పాము బ్లాక్ మాంబా ఆ జాబితాలోనే లేదు. దిగుమతికి వేరే అనుమతులు అవసరమన్నది నిజమే. కానీ దొంగచాటుగా వచ్చేవాటిని ఆ అనుమతులు ఎంతవరకు ఆపుతున్నాయో బ్యాంకాక్ నుంచి వచ్చే విమానాల్లో చెన్నై, బెంగళూరు కస్టమ్స్ అధికారులకు తరచుగా పట్టుబడుతున్న పాములు, కోతులే చెబుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగుడి జిల్లాలో రోడ్ల మీద కంగారూలే కనిపించాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్నది పాముల విషయం. మన దేశపు ఆస్పత్రుల్లో దొరికే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగు పాముల విషంతో తయారవుతుంది. ఆ విషాన్ని ఎక్కువ భాగం తమిళనాడులోని ఇరుళ గిరిజనుల సహకార సంఘం సేకరిస్తుంది. ఈ మందు ఆఫ్రికా, అమెరికా ఖండాల పాముల విషం మీద పనిచేస్తుందని నమ్మడానికి వీల్లేదు. అటువంటి పాము హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక అపార్ట్‌మెంటులోని పెట్టెలోంచి బయటపడి పక్కింటి పిల్లవాడిని కరిస్తే, డ్యూటీలో ఉన్న డాక్టరు చేతిలో ఏముంటుంది? కరిచింది ఏ పామో తెలిసినా, దానికి సరిపడే మందు ఏ దేశం నుంచి ఎన్ని గంటల్లో వస్తుంది? ఆ పాము ఆ భవనంలో ఉన్న సంగతి ఇరుగుపొరుగువారికీ, ఆస్పత్రికీ, అగ్నిమాపక సిబ్బందికీ ముందుగా తెలియజేసే ఏర్పాటు ఏదీ నేటికీ లేదు.

ఇతర దేశాల అనుభవం మన ముందే ఉంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జేన్స్‌విల్ పట్టణం దగ్గర 2011 అక్టోబరులో ఒక వ్యక్తి తాను పెంచుతున్న పులులు, సింహాలు, ఎలుగుబంట్లను బోన్లలోంచి వదిలేసి ప్రాణం తీసుకున్నాడు. చీకటి పడుతున్న వేళ మరో దారి లేక పోలీసులు దాదాపు 50 జంతువులను కాల్చి చంపారు. వాటిలో 18 బెంగాల్ పులులు. ఆ మూగజీవాలు చేసిన తప్పేమీ లేదు. ఆ మరుసటి ఏడాది మాత్రమే ఒహాయో కఠినమైన చట్టం చేసింది. బ్రిటన్ అంతవరకు ఆగకుండా 1976లోనే ప్రమాదకర వన్యజంతువుల చట్టం తెచ్చింది. విషసర్పాలు సహా ప్రమాదకర జంతువుల జాబితాను ప్రకటించి, వాటిని పెంచాలంటే స్థానిక సంస్థ నుంచి లైసెన్సు పొందాలని, ముందుగా పశువైద్యుడు వచ్చి జంతువును ఉంచే చోటును పరిశీలించాలని, ఇతరులకు కలిగే నష్టానికి యజమాని బీమా చేయించాలని నిర్దేశించింది.

మనకు కావలసింది ఇటువంటిదే. కేంద్ర అటవీ, పర్యావరణ శాఖ మనుషులకు కలిగే ప్రమాదాన్ని బట్టి వేరే జాబితా తయారు చేయాలి. పెద్దపులి జాతి జంతువులనూ, పెద్ద కోతులనూ, మన దేశంలో విరుగుడు దొరకని విషసర్పాలనూ ఇళ్లలో కొత్తగా పెంచడాన్ని పూర్తిగా నిషేధించాలి. మిగిలినవాటికి తనిఖీ, బీమాలతో కూడిన లైసెన్సు పెట్టి, దాని ప్రతిని జిల్లా ఆస్పత్రికి, అగ్నిమాపక కేంద్రానికి పంపాలి.

పెంచలేక విసిగిపోయినవారి సంగతి కూడా ఆలోచించాలి. అక్వేరియంల నుంచి వదిలిన సక్కర్ చేపలు నేడు మన చెరువుల్లో, నదుల్లో పెరిగి మత్స్యకారుల వలలు చింపుతున్నాయి. జంతువును అప్పగించినవారి మీద మొదటిసారి కేసు పెట్టబోమని హామీ ఇచ్చి, హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతి జంతు ప్రదర్శనశాలల్లో స్వీకరణ కేంద్రాలు తెరవాలి. ఈ పనికి పార్లమెంటు దాకా వెళ్లవలసిన అవసరం లేదు. రెండు రాష్ట్రాల అటవీ శాఖలు దీన్ని వెంటనే చేపట్టవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యాధికారి,
ఏలూరు.