మైథిలికి, నల్లకుంట నుంచి

చిరంజీవి మైథిలికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మోటారు మళ్లీ కాలింది, బాగుచేయించాను. నానమ్మ మోకాళ్లకు కొత్త తైలం దొరికింది, ఇల్లంతా ఆ వాసనే. కరివేపాకు పొడి గదిలో అందరికీ పంచేసి నువ్వు మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటున్నావని మీ అమ్మ అనుమానం. హాస్టల్ ఫోను నుంచి ఈమధ్య చేయడం లేదు. పరీక్షలు కాబోలు.

మార్కెట్లో లలితమ్మగారు కనిపించారు. సొరకాయకు గోరు గుచ్చి చూస్తూ, గొంతు తగ్గించి, 'మైథిలి తనకు ఓసీడీ ఉందని క్లాసులో చెప్పిందట, మా కీర్తన అంది' అన్నారు. 'అవునండీ, వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ చేయించే జబ్బు, మందులు వాడుతోంది' అన్నాను. ఆవిడ సొరకాయ అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. లేతదే, నేను తెచ్చాను.

కోప్పడడానికి రాయడం లేదు. నీ అంతట నువ్వే చెప్పావా, అన్నిసార్లు చేతులెందుకు కడుగుతావని ఎవరైనా నిలదీశారా? అది తెలిస్తే చాలు. నీకై నువ్వు చెప్పి ఉంటే నేను అనేదేమీ లేదు. అనేదేమీ లేదంటూనే మూడు పేజీలు రాస్తానని మీ అమ్మ వంటింట్లోంచి అంటోంది.

విజయత్తయ్య సంగతి నీకు సగమే తెలుసు. 1986లో తను మాటా పలుకూ మానేసి గోడకేసి కూర్చునేది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో చేర్పించారు. ఈ ఊళ్లో ఆ పేరు ఎంత తిట్టో నీకు తెలియనిది కాదు. తాతయ్య వీధంతా 'అమ్మాయి బొంబాయిలో టైపు నేర్చుకుంటోంది' అని చెప్పారు. అబద్ధానికి పోషణ ఖర్చు ఉంటుంది. ఎదురింటివాళ్లు బొంబాయి వెళుతూ అడ్రసు అడిగితే, ఇల్లు మారిందని మరో అబద్ధం. నానమ్మ మొజంజాహి మార్కెట్ దగ్గర బొంబాయి హల్వా కొని, అత్తయ్య పంపిందని పంచిపెట్టింది. ఆ డబ్బా మోసింది నేనే. అత్తయ్య కోలుకుని వచ్చాక పక్కింటి పెద్దావిడ, 'సముద్రం చూశావా అమ్మా?' అని అడిగింది. 'ఎర్రగడ్డలో సముద్రం ఎక్కడిదండీ?' అంది అత్తయ్య. తాతయ్య ఆ పూట భోజనం చేయలేదు. ఒక సంబంధం తప్పిపోయింది. కానీ అదే వారం చీకటి పడ్డాక, హల్వా తిన్నవాళ్లలోనే ఒకాయన వచ్చి, తమ్ముడి కోసం ఆ డాక్టరు పేరు రాసుకుని వెళ్లాడు.

అప్పటికి అత్తయ్యకు ఇరవై నాలుగేళ్లు, నీకు పదహారు. పైగా హాస్టల్. తను వినకూడదనుకుంటే తలుపు వేసుకునేది, నీ గదిలో ఎనిమిది మంచాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు బయటపెట్టవద్దని డాక్టర్లను కట్టడి చేసింది, క్లాసు పిల్లలను కాదు. చెప్పిన మాట వెనక్కి రాదు కనుక, ఎవరికి ఎంత చెప్పాలో నువ్వే తేల్చుకో. జబ్బు పేరు చాలు, నీ బుర్రలో తిరిగే ఆలోచనలన్నీ వాళ్లకు అప్పజెప్పనక్కరలేదు. పుస్తకాలు వరసగా సర్దుకునే పిల్ల 'నాకూ ఓసీడీయే' అంటే వాదన పెట్టుకోకు. తాళం వేశానా లేదా అని నువ్వు పడే నరకం ఆ పిల్లకు అర్థం కాదు, కాకపోవడమే మేలు.

వార్డెన్ మేడంకు, ఒక్క లెక్చరర్‌కు మాత్రం తప్పక చెప్పు. పరీక్ష హాల్లో జవాబు మళ్లీ మళ్లీ చదువుతూ ఆగిపోతే వాళ్లకు కారణం తెలియాలి. మాత్రలు ఆపకు. దీనికి గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చని డాక్టరుగారు అన్నారుగా. రాత్రిపూట భయం వేస్తే వార్డెన్‌ను లేపి ఇంటికి ఫోను చేయి, లేదా 14416కు. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి. వాళ్లు ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

కీర్తనతో మాటలు మానకు. పిల్లలన్నాక అమ్మకు చెబుతారు. మాకూ ఎవరో చెప్పే బదులు నువ్వే చెబితే బాగుండేది, అంతే.

వేళ్ల సందులు పగిలాయా? వాజిలీన్ పంపుతున్నాను, పొడితో పాటు దాన్నీ పంచకు. ఆదివారం పదిన్నరకు గేటు దగ్గర ఉంటాను. అవుటింగ్ పాస్ మీద సంతకం శనివారమే చేయించుకో. స్టీలు డబ్బాలన్నీ తీసుకురా, నీలం మూతది మరీ ముఖ్యం, అది పిన్నిది.

మీ నాన్న