కుంట తవ్వడానికే కాదు, పూడిక తీయడానికీ సాయం కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

దామలచెరువు మండీకి తోతాపురి మామిడి తోలే రైతును నేను. సొంతం ఎకరన్నర, కౌలుకు మూడెకరాలు. నీటి పొదుపు కోసం ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీల గురించి మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అయిదెకరాల లోపు రైతుకు డ్రిప్పు మీద 90 శాతం సబ్సిడీ రావడం చిన్న మేలు కాదు. అది లేకుంటే నా ఎకరన్నర తోట ఎప్పుడో ఎండిపోయేది. అయితే పైపులు పరిచాక ఇక అడిగేవాళ్లు ఉండరు. ఎండాకాలం దాహానికి ఉడతలు ల్యాటరల్ పైపుల్ని, అంటే చెట్ల సాళ్ల వెంబడి పరిచే సన్న పైపుల్ని, కొరికేస్తాయి. మోటారు వేస్తే కొరికిన చోట నీళ్లు చిమ్ముతాయి, సాలు చివరి చెట్టుకు చుక్క చేరదు. మా బోరులో ఉప్పు నీళ్లు. డ్రిప్పర్లలో తెల్లగా గారలా పట్టేస్తుంది, యాసిడ్‌తో కడిగితే గానీ వదలదు. అదే భూమికి మళ్లీ సబ్సిడీ కావాలంటే ఏడేళ్లు ఆగాలి. ఈలోపు విసిగిపోయి పైపులు చుట్టి కొట్టంలో పడేసి, మళ్లీ కాలువ కట్టి పారించుకుంటున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేను.

నీటికుంటల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. నేను కౌలుకు చేసే భూమిలో అయిదేళ్ల కిందట ఉపాధి హామీ కింద కుంట తవ్వారు. ఆ ఏడు నవంబరు తుఫానుకు నిండింది. అప్పటిదాకా గాలి కక్కుతున్న బోరు మార్చి దాకా పోసింది! మూడో ఏటికి మోకాటి లోతు ఒండ్రు చేరింది. నేనూ మా ఆడమనిషీ తొమ్మిది రోజులు గంపలతో మోశాం. పూడికతీతకు ఏమైనా సాయం ఉందా అని అడగబోతే, పాత కుంటకు డబ్బులు రావన్నారు, పాసుపుస్తకం నీ పేరున లేదు కదా అని కూడా అన్నారు. భూమి యజమాని బెంగళూరులో ఉంటాడు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుగా గుర్తించే కార్డు కావాలంటే ఆయన సంతకం పెట్టాలి. పెడితే భూమి ఎక్కడ చేజారుతుందోనని ఆయన భయం. పెట్టినా ఆ కార్డు పదకొండు నెలలకే.

ఉపాధి హామీలో మామిడి మొక్కలు నాటితే మూడేళ్లు నీళ్లకూ సంరక్షణకూ డబ్బు ఇస్తారు. అదే పద్ధతి కుంటకూ డ్రిప్పుకూ పెట్టమంటున్నాను. పెద్ద మొత్తం అక్కర్లేదు, పూడిక తీసే కూలీ, చెడిన పైపుల ఖర్చు వస్తే చాలు. కుంట తవ్వినప్పుడు జియోట్యాగు ఫొటో, అంటే ఆ చోటు ఎక్కడో కూడా నమోదయ్యే ఫొటో, తీస్తున్నారు. ఏటా కార్తీకం వానలయ్యాక అదే చోట ఇంకో ఫొటో తీస్తే కుంట బాగుందో లేదో తెలిసిపోతుంది. ఆ చేను ఎవరు చేస్తున్నారో ప్రభుత్వం వాళ్లు ఈ-పంట అనే పంట నమోదులో రాసుకుంటూనే ఉన్నారు. డబ్బు ఆ పేరున వేయండి. యజమాని సంతకం కోసం తిరిగే పని తప్పుతుంది.

ఈ ఏడు వానలు పడేలోపు మా కుంటలో మళ్లీ పూడిక తీయాలి. అధికారులెవరైనా వచ్చి చూస్తామంటే నేనే దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
ఒక మామిడి రైతు,
పాకాల మండలం, తిరుపతి జిల్లా