తుమ్మలపల్లి నీళ్ల లెక్క కూడా వేయండి

ఎడిటర్ గారికి,

కడప జిల్లా తుమ్మలపల్లి గనిలో తీసే యురేనియం గురించి పేపర్లలో వచ్చేవి ఎక్కువగా రెండు రకాల వార్తలే: దేశానికి కరెంటు అని ఒకటి, ఊళ్లు నాశనమని ఇంకొకటి. అసలు ఆ యురేనియం ఏ రూపంలో ఎక్కడుందో చెప్పేవాళ్లు తక్కువ. మాకు కావలసింది అదే.

ఈ గని ఉన్న వేముల మండలంలో తవ్వే రాయి సున్నపు జాతిది. యాసిడ్ పోస్తే చాలా యాసిడ్ రాయికే సరిపోతుంది, అందుకే యాసిడ్ వాడే జార్ఖండ్ జాదూగూడ గనిలో లాగా కాకుండా ఇక్కడ రాయిని పొడి చేసి సోడియం కార్బొనేట్ నీళ్లలో, ఆక్సిజన్ ఎక్కిస్తూ వేడి మీద కరిగిస్తారు. దాంట్లోంచి సోడియం డైయురనేట్ అనే పసుపు రంగు యురేనియం పదార్థం తీసి హైదరాబాద్‌లోని అణు ఇంధన కర్మాగారం ఎన్ఎఫ్‌సీకి పంపుతారు. అక్కడ నైట్రిక్ యాసిడ్‌తో శుద్ధి చేసి, ఆక్సైడుగా మార్చి, చివరికి హైడ్రోజన్‌తో యురేనియం డయాక్సైడ్ చేసి, చిన్న చిన్న బిళ్లలుగా నొక్కి 1700 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆ బిళ్ల 2800 డిగ్రీలు దాటితే గానీ కరగదు, నీళ్లలో దాదాపు కరగనే కరగదు, అందుకే కైగా, కాక్రాపార్ అణు విద్యుత్ రియాక్టర్లలో ఇలాంటి బిళ్లలనే ఇంధనంగా వాడుతున్నారు. అందులో చీలి శక్తినిచ్చే రకమైన యురేనియం-235 నూటికి 0.7 పాలే, అది బాంబు సరుకు కాదు.

భయపడాల్సింది ఆ బిళ్లకు కాదు, నీళ్లలో కరిగిన యురేనియానికి. కార్బొనేట్ ఉన్న నీళ్లలో అది తేలిగ్గా కరిగి, నీళ్లు ఎటు పోతే అటు పోతుంది, తాగితే ముందు దెబ్బ తినేది కిడ్నీలు. యురేనియం తీశాక మిగిలిన బురద నిలవ చేసే చెరువు (టెయిలింగ్ పాండ్) చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు ఎండుతున్నాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు, గని వాళ్లు కాదంటున్నారు. అక్కడి రాళ్లలోనే యురేనియం ఉంది కాబట్టి గని రాకముందు నీళ్లలో ఎంత ఉండేది, ఇప్పుడెంత ఉంది అన్నది తేలితేనే ఈ గొడవ తెగుతుంది.

తాగే నీళ్లలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మన అణుశక్తి నియంత్రణ మండలి 60 దాకా ఒప్పుకుంటుంది. చీనీ, అరటి ధరలు వేసే జిల్లా పేజీలోనే నెలకోసారి మబ్బుచింతలపల్లి, కె.కె. కొట్టాల, భూమయ్యగారిపల్లి బోర్లలో యురేనియం ఎంతుందో ఊరి పేరుతో సహా వేయండి. లెక్కలు అడిగినా ఇవ్వకపోతే ఏ ఆఫీసును ఏ తేదీన అడిగారో, ఎవరు ఇవ్వలేదో అదైనా వేయండి.

ఒక పాఠకుడు,
పులివెందుల