తోకలో 20 గ్రాములు

చిన్నోడా,

ఇంట్లో అందరూ కులాసానే కదా. నాన్న మోకాలి నొప్పి ఎలా ఉందో ఈసారి తప్పకుండా రాయి. నేను బాగున్నాను. నువ్వు కడుతున్న మోడల్ విమానం ఫొటోలు చూశాను. రెక్కకి ఆకారమిచ్చే ఆ అడ్డపట్టీలు, రిబ్స్, ఒక్కటి కూడా వంకర పోకుండా నిలబెట్టావు, ముచ్చటేసింది. కానీ తోక దగ్గర ఎపాక్సీ జిగురు అంత మందంగా పూశావని చూసి ఆగలేక రాత్రికి రాత్రే రాస్తున్నా. ఆరిపోయినా సరే, గీకి తీసెయ్.

ఈ దేశం వచ్చాక నేను కట్టిన మొదటి పైపర్ కబ్, అదే ఆ రెండు సీట్ల చిన్న విమానం మోడల్, తోక బరువు వల్లే పోయింది. అదీ నీదానిలాగే ఆరో వంతు స్కేలు. దిగేటప్పుడు తోక విరుగుతుందేమోనని భయపడి అక్కడ బాల్సా అనే తేలిక చెక్కలో గట్టి రకం వేసి, పైన జిగురు దట్టించాను. తూకం నిలిచే చోటు నుంచి ముక్కు ఎంత దూరమో, తోక దానికి రెండింతల పైమాటే. తోకలో 20 గ్రాములు పెరిగితే ముక్కులో 40కి పైగా సీసం పెట్టాలి. మొత్తం బరువెక్కుతుందని నేను సగమే పెట్టాను. నేల వదలగానే ముక్కు పైకి లేచింది. చేతిలోని రిమోట్ స్టిక్ కాస్త ముందుకి నెట్టానో లేదో కిందికి దూకింది. లాగితే మళ్లీ ఎగిసింది. మూడోసారి గాల్లో ఆగినట్టయి ఎడమ రెక్క వాల్చేసింది. గడ్డిలో వెతుక్కుంటూ వెళ్లి చూస్తే, విరిగిన ముక్కల్ని పైన కప్పిన పల్చటి పసుపు ప్లాస్టిక్ ఫిల్మ్ ఒక్కటే పట్టుకుని ఉంది. రెక్క పొడవునా ఉండే దూలం, స్పార్, రెండు చోట్ల చీలింది. ఆ ఫిల్మ్‌ని ఇస్త్రీపెట్టెతో ముడత లేకుండా అతికించడానికి నాలుగు రాత్రులు పట్టింది నాకు. ఏడుపొచ్చేసింది.

అప్పటి నుంచి కాగితం మీద లెక్క తేలాకే చెక్క ముట్టుకుంటున్నాను. అసలు కబ్ నిండు బరువు దాదాపు 550 కిలోలు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఆరో వంతు కాబట్టి 216తో భాగించు. రెండున్నర కిలోలొస్తుంది. నీది అది దాటకూడదు. దాటినా ఎగురుతుంది, కానీ వేగంగా పోతేనే గాల్లో నిలుస్తుంది, అప్పుడిక కబ్‌లా కనిపించదు. అసలుది గంటకు 120 కిలోమీటర్ల దగ్గర తాపీగా పోతుంది. ఆరో వంతంటే 20. ఆ వేగానికి మన మోడల్ పడిపోతుంది. 120ని ఆరుతో కాదు, ఆరు వర్గమూలంతో భాగించాలి, అంటే 50 దగ్గర. బరువు తగ్గించిన కొద్దీ ఇంకా నిదానంగా తేలుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైంది ఆ నిదానమే. నా రెండో కబ్ సాయంత్రం గాలి ఆగాక తల మీదుగా పోతుంటే రెక్కలోంచి ఎండ దిగి, నువ్వు నిలబెట్టినట్టే వరసగా రిబ్స్ నీడలు కనిపిస్తాయి.

బాల్సా పలకల్ని కోసే ముందు తూచు. ఒకే సైజులో ఒకటి ఇంకోదానికి రెట్టింపు బరువుండొచ్చు. తేలికవన్నీ తోకకి దాచు, బరువైనవి ముక్కు వైపు వాడు. సీసం చివరి మాట. ముందు బ్యాటరీని వీలైనంత ముందుకి జరిపి చూడు.

ముందంచు నుంచి వెనకంచుకి రెక్క వెడల్పు నీది 27 సెంటీమీటర్లు కదా. ముందంచు నుంచి 7 సెంటీమీటర్ల దగ్గర రెండు రెక్కల కిందా గీత పెట్టు. ఆ గీతల మీద వేళ్లు ఆనించి ఎత్తితే ముక్కు రవ్వంత కిందికి వాలాలి. తోక వాలితే మైదానానికి తీసుకెళ్లకు, ఎవరెంత తొందరపెట్టినా సరే.

రెక్కల వెనకంచున కదిలే పలకలు, ఎయిలరాన్‌లు, కూడా చూసుకో. స్టిక్ కుడికి నెడితే కుడి రెక్కది పైకి లేవాలి.

తోక గీకాక మళ్లీ తూచి ఎంత తగ్గిందో రాయి. వచ్చే ఫొటోలో విమానం నీ వేళ్ల మీద నిలబడి ఉండాలి. బ్యాటరీ లోపల పెట్టే తియ్యి.

అక్క