ట్రేలు ఇప్పట్లో రావు, కుండీలు వస్తాయి

అందరికీ నమస్కారం. మేం లిగ్నిన్ అనే చెక్క పదార్థంతో చేసే టీ ట్రేలకు ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకు ముందు ఆ సంగతే చెప్పేస్తాను. ఈ దసరాకి ట్రేలు ఇవ్వలేను. కట్టిన డబ్బు వెనక్కి పంపుతున్నాను. వాసన వచ్చిన ట్రే ఇంట్లో ఉన్నవాళ్లు తిరిగి ఇచ్చేయొచ్చు, పంపే ఖర్చు మాదే, బిల్లు అడగం. ఆరుబయట పెట్టుకునే కుండీలు మాత్రం మామూలుగానే దొరుకుతాయి.

వానల్లో వెళ్లిన ట్రేలు కొన్ని కంపు కొట్టాయి. మెత్తగా చెప్పడం నాకు రాదు, కంపే. బెంగళూరు మారతహళ్లిలో ఒకావిడ వంటింట్లో పెట్టె విప్పగానే గ్యాస్ లీకవుతోందనుకున్నారు. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, పిల్లల్ని బాల్కనీలోకి తరిమి ఏజెన్సీకి ఫోన్ చేశారు. వచ్చిన కుర్రాడు ట్యూబంతా సబ్బు నీళ్లతో చూసి, ఏమీ దొరక్క, చివరికి మా ట్రే ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని "ఇదే మేడమ్" అన్నాడట. ఆవిడ నవ్వుతూనే చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

నిజానికి ఆవిడ ముక్కు పొరబడలేదు. వంటగ్యాస్‌కి సొంతంగా పెద్ద వాసనేమీ ఉండదు, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధకపు రసాయనం కలుపుతారు. మా ట్రేలోంచి వచ్చింది అదే కుటుంబానికి చెందిన మిథైల్ మెర్కాప్టాన్. గాలిలో వంద కోట్ల పాళ్లకు కొద్ది పాళ్లున్నా మనిషి ముక్కు పట్టేస్తుంది.

ఇది లిగ్నిన్‌తో పాటు వచ్చింది. చెట్టుకు గట్టితనం ఇచ్చేది లిగ్నిన్, కలపలో దాదాపు పావు వంతు అదే. కాగితం మిల్లుకు అది అడ్డం. అందుకని క్రాఫ్ట్ పద్ధతిలో చెక్క ముక్కల్ని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్‌లతో 170 డిగ్రీల దాకా ఉడికించి, లిగ్నిన్‌ను నల్లటి ద్రవంలోకి దించేస్తారు. ఆ ఉడుకులోనే సల్ఫైడ్ వెళ్లి లిగ్నిన్‌లోని మిథైల్ గుంపుల్ని ఊడలాగి మెర్కాప్టాన్‌ను పుట్టిస్తుంది. గోదావరి ఒడ్డున మిల్లు గాలి పీల్చి పెరిగినవాళ్లకు ఆ వాసన గురించి నేను చెప్పక్కర్లేదు. ఎక్కువ మిల్లులు ఆ నల్ల ద్రవాన్ని బాయిలర్లో కాల్చి ఆవిరి తీసుకుంటాయి. కొందరు దాంట్లోంచి లిగ్నిన్‌ను ఆమ్లంతో విరగ్గొట్టి, కడిగి, ఆరబెట్టి, గోధుమరంగు పొడిగా అమ్ముతారు. మేం కొనేది ఆ పొడి. కొబ్బరి పీచు పొడి, కొంచెం పీఎల్ఏ (మొక్కల నుంచి చేసే బయోప్లాస్టిక్) కలిపి ప్రెస్సులో అచ్చు వేస్తాం.

ఇప్పుడు మా సప్లయర్ సంగతి. పేరు రాయను. మేం పీణ్యాలో షెడ్డు తీసుకున్నప్పటి నుంచీ ఆయన దగ్గరే కొంటున్నాం. చేతిలో డబ్బుల్లేని నెలల్లో కూడా ముందు ఆయన బాకీ తీర్చాను. ఈ లాట్ బస్తా విప్పితే లోపలి ప్లాస్టిక్ సంచికి చెమ్మ పట్టి ఉంది, పొడి పిడికిట్లో ఉండ కట్టింది. బస్తా వాసన ఎప్పుడూ ఉండేదే, అచ్చు చల్లారాక పోయేది. ఈసారి పెట్టెలో మూసి పెట్టాక ఇంకా పెరిగింది. అనుమానం వచ్చి ఆయన ఇచ్చిన టెస్ట్ రిపోర్టు పాత లాట్ రిపోర్టు పక్కన పెట్టి చూశాను. తేమ శాతం, బూడిద శాతం, అన్నీ దశాంశ స్థానం దాకా ఒకటే. మారింది తేదీ ఒక్కటే.

ఫోన్ చేస్తే మొదట "లిగ్నిన్ అన్నాక వాసన ఉంటుంది సార్" అన్నాడు. గట్టిగా అడిగితే రెండో కడుగు మానేశామని, నీళ్ల ఖర్చు, డ్రయ్యర్ కరెంటు గిట్టుబాటు కావట్లేదని చెప్పాడు. ఆ మాట ముందే చెబితే రేటు పెంచి ఇచ్చేవాణ్ని కదా! రేటు దగ్గర నేనెప్పుడైనా గీచి గీచి బేరమాడానా? వాసన కన్నా ఇదే నన్ను ఎక్కువ కాల్చింది. ఆ లెక్క తేలిపోయింది, ఇక ఆయన దగ్గర కొనను.

మిగిలిన పొడిని మేమే బాగుచేయడానికి చూశాం. కొద్దిగా ఆమ్లం కలిపిన వేడినీళ్లతో కడిగితే కొంత పోయింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కొంచెంగా వేస్తే మెర్కాప్టాన్ డైమిథైల్ డైసల్ఫైడ్‌గా మారుతుంది, అదీ కంపే, ఉల్లిపాయ కుళ్లిన కంపు. ఎక్కువ వేస్తే లిగ్నినే పాడవుతుంది. వాక్యూమ్‌లో వేడి చేస్తే పొడి శుభ్రంగా వచ్చింది, మా కుర్రాళ్లు సంబరపడ్డారు. ప్రెస్సులో 180 డిగ్రీలు తగలగానే మళ్లీ మొదలు. ఎందుకంటే గంధకం పొడిలో ఊరికే కలిసి లేదు, లిగ్నిన్ అణువుకే కొంత అతుక్కుని ఉంది. వేడి తగిలినప్పుడల్లా కొత్తగా ఊడి వస్తుంది.

ఇక నాకు నిద్ర లేకుండా చేసిన విషయం సెంటు. మా ట్రేలు పెట్టే షాపులవాళ్లు ఇద్దరు "చందనం సెంటు కలిపేయండి, పండగ సీజన్ పోగొట్టుకోకండి" అన్నారు. చామరాజపేటలో అగరుబత్తీలకు సెంట్లు కలిపే మిత్రుడు సీసా తెచ్చి మరీ ఇచ్చాడు, డబ్బు కూడా వద్దన్నాడు. కలిపి చూశాను. అబద్ధమెందుకు, ఘుమఘుమలాడింది. ఇంట్లో మా ఆవిడ కూడా "ఇంత బాగుంటే ఇంకా ఏంటి మీ పట్టుదల?" అంది. జీతాలు, షెడ్డు అద్దె, ప్రెస్సు మీద లోను, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. చందనం ట్రేలు అమ్మేద్దామని ఒక రాత్రి నిర్ణయించుకుని, తెల్లారి మానుకున్నాను. మళ్లీ అదే తంతు. చివరికి సెంటు ట్రేని ఎండలో నిలిపిన కారులో పెట్టి సాయంత్రం తీశాను. చందనం ఆవిరైపోయింది, గంధకం మిగిలింది. ఒకవేళ చందనమే గెలిచినా కలిపేవాణ్ని కాదనుకుంటాను. ప్లాస్టిక్ వద్దని వెతుక్కుని నా దగ్గరికి వచ్చినవాళ్లకు కంపు మీద సెంటు కొట్టి అమ్మడం నా వల్ల కాదు. మొండి అనుకోండి, పరవాలేదు.

అందుకని ముడిసరుకే మారుస్తున్నాం. సోడా పద్ధతిలో వచ్చే లిగ్నిన్‌కు కాస్టిక్ సోడా ఒక్కటే వాడతారు, సల్ఫైడ్ ఉండదు. గడ్డి, చెరకు పిప్పి లాంటివాటికి ఆ పద్ధతి బాగా సరిపోతుంది. దానికీ వాసన ఉంది, పొయ్యి పొగలా. అది గ్వయకాల్ అనే పదార్థం, లిగ్నిన్ వేడెక్కితే పుడుతుంది. దాన్ని తగ్గించడానికి ప్రెస్సు వేడి 165కి దించాం, మిశ్రమంలో కొబ్బరి చిప్పల యాక్టివేటెడ్ కార్బన్ కొంచెం వేస్తున్నాం. ట్రే రంగు ఇదివరకటి కన్నా ముదురుగా ఉంటుంది. ఒక్కోటి ప్రెస్సులో ఎక్కువ సేపు ఉంటుంది కాబట్టి ధర 450 నుంచి 620 అవుతుంది. తగ్గించమని అడగకండి.

ఇకనుంచి ప్రతి లాట్‌కీ జాడీ పరీక్ష. కార్ల లోపలి భాగాలకు వాడే వీడీఏ 270 అనే జర్మన్ పద్ధతి ఉంది. ముక్కను మూత బిగించిన గాజు జాడీలో పెట్టి 80 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచి, కొంచెం చల్లార్చి, కనీసం ముగ్గురు వాసన చూసి 1 నుంచి 6 దాకా మార్కులు వేస్తారు. 3 అంటే వాసన తెలుస్తుంది కానీ ఇబ్బంది పెట్టదు. 3 దాటిన లాట్ షెడ్డు గడప దాటదు. కొత్త ట్రేలు ఇప్పుడు 3కీ 4కీ మధ్య ఊగుతున్నాయి. అందుకే తేదీ చెప్పడం లేదు.

మా ముక్కులు ఈ వాసనకు అలవాటు పడిపోయాయి, వాటిని నేనే నమ్మను. శనివారం పొద్దున పీణ్యా వైపు వచ్చేవాళ్లుంటే షెడ్డుకి వచ్చి జాడీ మూత తీసి మార్కు వేసి వెళ్లండి. సెంటు కొట్టుకోకుండా రండి. కాఫీ పరీక్ష అయ్యాకే ఇస్తాం.