ఏ పాఠానికి వెనక్కి వెళ్లాలో చెప్పగలగాలి

సంపాదకులకు నమస్కారం.

'మీ స్థాయికి తగిన బోధన' అని ప్రచారం చేసుకునే ఆన్‌లైన్ కోర్సులు ఎక్కువవుతున్నాయి. అయితే జవాబు తప్పితే అదే తరహా ప్రశ్నలు మరికొన్ని ఇవ్వడం, లేదా వీడియో మళ్లీ చూడమనడం స్థాయికి తగిన బోధన అనిపించుకోదు.

1/2కు 1/3 కలిపితే 2/5 అని రాసిన విద్యార్థికి కూడిక రాక కాదు ఇబ్బంది. లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపేసి, వచ్చిన మొత్తం తాను మొదలుపెట్టిన సగం కన్నా తక్కువగా ఉందని కూడా గమనించలేదంటే, భిన్నం అంతా కలిసి ఒకే సంఖ్య అన్న సంగతి అతనికి ఇంకా పట్టుబడలేదన్నమాట. అతనికి మరో పది కూడికలు ఇస్తే అదే తప్పు పదిసార్లు చేస్తాడు. అతన్ని తీసుకెళ్లవలసింది వెనకటి సమాన భిన్నాల పాఠానికి.

ఏ పాఠం దేనిపై ఆధారపడి ఉందో రాసి లేకపోతే కంప్యూటర్‌కు ఆ దారి తెలియదు. అలాంటి సంబంధాలను యంత్రం చదవగలిగే రూపంలో రాసిపెట్టడానికే సెమాంటిక్ సాంకేతికత ఉపయోగపడుతుంది. ఇందుకు పనికివచ్చే రాత పద్ధతులైన ఆర్‌డీఎఫ్‌ను 1999లో, ఓడబ్ల్యూఎల్‌ను 2004లో, వెబ్ ప్రమాణాలను రూపొందించే సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణాలుగా ఆమోదించింది. వృత్తులను, వాటికి కావలసిన నైపుణ్యాలను ముడిపెడుతూ యూరోపియన్ కమిషన్ రూపొందించిన 'ఎస్కో' వర్గీకరణ అనేక భాషల్లో ఉచితంగానే దొరుకుతోంది. కనుక పరికరాలకు కొరత లేదు. కొరతల్లా ఉపాధ్యాయులు కూర్చుని చేయవలసిన పనికే. ప్రతి ప్రశ్న ఏ అంశానికి చెందిందో రాస్తే సరిపోదు, ఏ తప్పు జవాబు ఏ లోపాన్ని సూచిస్తుందో కూడా రాయాలి. ఇది ఓపికతో కూడిన పని, ప్రకటనల్లో చూపించుకోవడానికి పనికిరానిది. బహుశా అందుకే దానిపై ఖర్చు పెట్టడానికి చాలామంది ముందుకు రారు.

అంత చేసినా ఒక్క జవాబును పట్టుకుని విద్యార్థిపై ముద్ర వేయడం న్యాయం కాదు. విద్యార్థికి ఏది వచ్చో లెక్కకట్టడానికి కార్బెట్, ఆండర్సన్ అనే పరిశోధకులు 1990లలో ప్రతిపాదించిన అంచనా పద్ధతిలోనే, తెలియకపోయినా ఊహించి సరిగ్గా రాయడానికీ, తెలిసి కూడా పొరపాటు చేయడానికీ విడివిడిగా చోటు ఉంది. అందువల్ల తనకు ఏది వచ్చని, ఏది రాదని వ్యవస్థ భావిస్తోందో విద్యార్థికి కనిపించాలి. అది తప్పనుకుంటే చిన్న పరీక్ష రాసి సవరించుకునే వీలుండాలి. డబ్బు తీసుకుని కోర్సులు నడిపేవారు తమ పాఠాల మధ్య సంబంధాల పటాన్ని చేరకముందే అందరికీ చూపించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు