మేకలు, పులులు, విడిపోయిన ఒత్తులు

ఒరేయ్ మావా,

ఫోన్లో చెబితే సగం నవ్వుల్లోనే పోతుందని రాస్తున్నా, ఓపిగ్గా చదువు. మొన్న పటమటలో పెళ్ళికి వెళ్తే, బంతిలో పక్కన కూర్చున్న పెద్దాయన "ఏం చేస్తుంటావు బాబూ" అన్నాడు. ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ అని చెప్పి తప్పించుకుంటానా, ఆ రోజు ఎందుకో "గేములు తయారుచేస్తానండి" అనేశా. "అంటే, ఆడుతుంటావా?" అని పప్పులో నెయ్యి కలుపుకుంటూ జాలిగా చూశాడు. పగలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా ఉందని చెప్పాక గానీ ఆయనకి ముద్ద దిగలేదు.

నాకూ ఆ అనుమానం ఉందిరా. రాత్రి పది దాటాక రెండు గంటలు కూర్చునేవాణ్ణి డెవలపర్ అనొచ్చా? స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేము చేసినతను 2016లో అది బయటికొచ్చేదాకా నాలుగేళ్లకు పైగా బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ ఒక్కడే చేసుకున్నాడు, మధ్యలో థియేటర్లో పార్ట్‌టైమ్ పని కూడా చేశాడు. అతన్నీ ఎవరో ఇలాగే అడిగుంటారు. కాకపోతే అతని కాపీలు కోట్లలో పోయాయి, మనది పులిజూదం.

అవును, అమ్మమ్మ అరుగు మీద సుద్దముక్కతో గీసి ఆడించిందే, 3 పులులు, 15 మేకలు. నలుగురం చేస్తున్నాం, బొమ్మలేసే అమ్మాయి గుంటూరు నుంచి ప్రతి ఆదివారం బస్సెక్కి వస్తుంది. గవర్నర్‌పేటలో మేడమీద గది, ఒక్కటే ఫ్యాను, పునుగులు, గొడవలు. ఉద్యోగం మానేస్తే గానీ ఇండీ (అంటే కంపెనీ అండ లేకుండా సొంతంగా గేములు చేసేవాడు) కాదని మాలోనే ఒకడు వాదిస్తాడు. వాళ్ల నాన్నకి అద్దెలొస్తాయిలే.

అసలు సంగతి వేరే. ముందు వాడిన ఇంజిన్లో (గేములు కట్టే సాఫ్ట్‌వేర్‌లే) తెలుగు పెడితే ఒత్తు కిందకి దిగకుండా పక్కన నిలబడి "మేక చచ్‌చింది" అని వచ్చేది. మూడు రాత్రులు పోయాయి. నా చేతకానితనమే అనుకుని సిగ్గుపడుతూ డిస్కార్డ్ చాట్ గ్రూపులో అడిగితే ఒక కన్నడ కుర్రాడు, ఒక బెంగాలీ ఆవిడ "మాకూ ఇదే బాధ" అన్నారు. గోడో అనే ఇంజిన్ ఉంది చూడు (దాన్ని ఎలా పలకాలో ఎవడికీ తెలీదు, అదో తగాదా), 2014 నుంచి కోడ్ అందరికీ తెరిచిపెట్టారు, పైసా అక్కర్లేదు. 2023లో వచ్చిన నాలుగో వెర్షన్లో మన లిపుల్లాంటివాటిని సరిగ్గా పేర్చడం పెట్టారు. ఆ కన్నడ కుర్రాడు రాత్రి రెండింటిదాకా కూర్చుని నా ప్రాజెక్టు అందులోకి మార్పించాడురా. నా మొహం కూడా చూళ్లేదు. పెళ్ళిలో ఆయనకి నోరు జారి నిజం చెప్పానే, అది ఆ మరుసటి వారమే.

స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో పెట్టాలంటే 100 డాలర్లు కట్టాలి, 1000 డాలర్ల అమ్మకం దాటితే తిరిగిస్తారట. నలుగురం చందా వేసుకుంటాం. ముందు ఇచ్ అనే గేముల సైట్లో ఊరికే పెడుతున్నాం. లింకు పంపిస్తా, నీ పాత ఫోన్లో తెరిచి "చచ్చింది" సరిగ్గా చచ్చిందో లేదో స్క్రీన్‌షాట్ పెట్టు. పులి తెలివితక్కువగా ఆడుతుంది, దాని గురించి మాత్రం తిట్టకు.

నీ
మావ